చీమలపెట్టెకు పెట్టిన బొట్టు

మొగపేటలో ఒక్క ఆడమనిషికీ జబ్బు లేదని పెట్టె తేల్చేసింది. ఊరంతా సంబరపడింది, ఊర్మిళ తప్ప.

నిజానికి అందరికంటే ముందు సంబరపడాల్సింది ఆమే. విశాఖపట్నంలో ఆ పెట్టెను పుట్టించిన ప్రయోగశాలలో ఆమె పనిచేస్తోంది. సిక్కోలు తీరానికి దాన్ని తీసుకెళ్దాం, అందులోనూ ముందు మా ఊరికే తీసుకెళ్దాం అని అక్కడి పెద్దాయన చెవినిల్లు కట్టుకుని పోరింది ఆమే. పెట్టె ఊళ్లోకి వచ్చిన రోజున డప్పులు కొట్టించి, బంతిపూల దండ వేయించి, మూత మీద కుంకుమబొట్టు పెట్టి కొబ్బరికాయ కొట్టింది కూడా ఆమే. మన పిల్ల ఇంత చేసింది కదా అని అమ్మలక్కలంతా తలస్నానాలు చేసి, ఉతికిన చీరలు కట్టుకుని, తుఫాను షెల్టరు ముందు వరసకట్టారు.

పరీక్ష అంటే పెద్ద తతంగమేమీ కాదు. గొట్టంలోకి గట్టిగా ఊదాలి, అంతే. అద్దం వెనక ఒక పొర ఉంటుంది, చల్లారిన పాల మీద మీగడలాగా. అటక మీద దాచిన బెల్లాన్ని గడప అవతలి చీమ ఎలా పసిగడుతుందో అందరికీ తెలిసిందే. ఆ చీమ మీసాల్లోని కణాలతో పొరను పెంచారు. నోట్లోనో గొంతులోనో ఊపిరితిత్తుల్లోనో క్యాన్సర్ మొలకెత్తితే, కంటికి ఆనకముందే దాని వాసన ఊపిరిలో కలుస్తుంది. ఆ వాసన తగిలిందా, పొర ముడుచుకుంటుంది. తగలకపోతే అలాగే పడి ఉంటుంది, తర్వాతి మనిషికీ అదే పనికొస్తుంది. పట్నంలో పెద్ద పెద్ద ఆసుపత్రుల్లో వేలమంది ఊదారు. అది ఒక్కసారి కూడా పొరబడలేదు.

అందుకే ప్రభుత్వం దాన్ని నమ్మింది. నమ్మడమంటే అలా ఇలా కాదు. ఇదివరకు పలుకుబడి ఉన్నవాడికి మంచం, లేనివాడికి వరండా. ఇప్పుడా గొడవ లేదు. ఎవరి ఊపిరికి పొర ముడుచుకుంటే వాళ్లకే ఆసుపత్రిలో చోటు, మంత్రిగారి బావమరిది అయినా చేపలమ్మే మనిషయినా. ఏ ప్రాంతంలో పొర ఎక్కువగా ముడుచుకుంటే ఆ ప్రాంతానికే కొత్త వార్డు, ఊరూరూ తిరిగే డాక్టర్ల బండి. ఇంతకంటే న్యాయం ఏముంటుంది? ఊర్మిళా అదే అనుకుంది, మొగపేటలో ఆ పొర పొద్దుణ్ణుంచి సాయంత్రం దాకా కదలకుండా పడుకునేవరకూ.

ఎందుకంటే ఈ ఊరి ఆడవాళ్లు అడ్డచుట్ట కాలుస్తారు. చుట్ట వెలిగించి, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుంటారు. కొత్తవాళ్లు చూస్తే హడలిపోతారు గానీ, అందులో ఒక లెక్క ఉంది. ఒడ్డు గాలికి చుట్ట ఆరిపోతుంది. తడిచేతులతో మాటిమాటికీ అగ్గిపుల్ల గీయడం కుదరదు. నిప్పును నోట్లో దాచుకుంటే ఇక గాలీ లేదు, వానా లేదు. చేపలు ఎండబెట్టుకోవచ్చు, బేరమాడుకోవచ్చు, బిడ్డకు పాలిచ్చుకోవచ్చు. పెళ్లినాటి నుంచీ కాటి దాకా అంగిలి కాలుతూనే ఉంటుంది. ఊర్మిళ తల్లి అలాగే పోయింది. నోటిపూత అన్నారు, తాటిబెల్లం నాకించారు, ఆర్నెల్లు తిరక్కుండా సాగనంపారు.

అలాంటి ఊళ్లో ఒక్కరికీ లేదంటే ఎలా నమ్మడం?

"సంతోషించాల్సింది పోయి ఆ మొహమేంటమ్మా?" అన్నాడు ప్రొఫెసర్ భుజంగరావు, వ్యాన్ ఎక్కుతూ. పెట్టెకు తండ్రి ఆయనే. మంచివాడే. కాకపోతే తన పెట్టెను ఎవరైనా అనుమానంగా చూస్తే, పిల్లాడికి మార్కులు తక్కువేసిన మాష్టార్ని చూసినట్టు చూస్తాడు.

"మీరు పదండి సార్. నేను మా పెద్దమ్మ దగ్గర ఉండి రేపొస్తాను," అంది ఊర్మిళ.

పెద్దమ్మ పేరు కారమ్మ. చెల్లెలు పోయాక ఊర్మిళను పెంచింది ఆవిడే. గంపనెత్తుకుని పైఊళ్లు తిరిగి చేపలమ్మి చదివించింది. ఆవిడ నోటికి జడవని మనిషి ఆ తీరంలో లేడు. పోలీసును తిట్టింది, ఎమ్మార్వోని తిట్టింది, ఓసారి తుఫాను హెచ్చరిక తప్పయిందని రేడియోని పట్టుకుని తిట్టింది. ఆ రోజు ఆవిడ కూడా ఊదింది. ఆవిడకీ ఏమీ లేదన్నారు.

అన్నం తినేటప్పుడు ఊర్మిళ ముద్ద కలిపి నోట్లో పెట్టుకుని ఆగిపోయింది. చేపల పులుసులో కారం లేదు. పులుపూ లేదు. కారమ్మ చప్పటి పులుసు వండిందంటే సముద్రం తియ్యనైపోయినట్టే.

"ఏటి పెద్దమ్మా, కారం ఏదే?"

"మిరపకాయలు పిరమైపోనాయే గుంటా," అంది కారమ్మ. అంటూనే చల్లారిన గంజిని ఓ బుగ్గన పెట్టుకుని, మెల్లగా, దొంగతనంగా మింగింది.

"ఏదీ, నోరు తెరు."

"నానేటి సంటిపిల్లనా? నీ పెట్టి సూసీసింది, ఏటీ నేదనీసింది. ఇంక నువ్వేటి సూస్తావు?"

ఊర్మిళ వినలేదు. గడ్డం పట్టుకుని, ఫోను లైటు వేసి చూసింది. కారమ్మ పెదాల చివర ఏదో పసుపుపచ్చగా అంటుకుని ఉంది గానీ ఆ వేళ అది ఎవరికి పట్టింది? చూడాల్సింది లోపల ఉంది. అంగిట్లో తెల్లటి మచ్చ, మచ్చ నడుమ పగిలిన పుండు. చిన్నప్పుడు అమ్మ నోట్లో చూసిందే.

"ఎన్నాళ్లయిందే ఇది?"

"సుట్ట కాలినాది. తగ్గిపోద్ది."

"తగ్గదు. రేపు నాతోపాటు పట్నం వచ్చీ."

"రాను," అంది కారమ్మ. "నేదని పెట్టి సెప్పినాక ఉన్నాదని నువ్వెవులే? పెట్టి గొప్పదా, నువ్వు గొప్పా? నువ్వే కదా పెట్టి గొప్పదని ఊరంతా సెప్పినావు."



*

మర్నాడు ఆసుపత్రిలో అడిగింది. కిటికీ వెనక మనిషి కంప్యూటర్లో చూసి, "పొర ముడుచుకోలేదు కదండీ," అన్నాడు. నేను కళ్లారా చూశానంది. "ముడుచుకున్నవాళ్లకే మంచాల్లేవు మేడమ్. మీ కళ్లకి ఎక్కడివ్వమంటారు?" అన్నాడు. వెటకారం కాదు, పాపం నిజంగానే అడిగాడు. ప్రైవేటులోనూ అదే మాట. పెట్టె ఊఁ అంటేనే కత్తి పడతారట.

కారమ్మ ప్రాణానికీ ఆ పొరకూ ముడిపడిపోయింది. పొర ముడుచుకుంటేనే ఆవిడ బతుకుతుంది. ముడుచుకోవడంలేదు.

"పొగ వల్లేమో సార్. మన పొర పట్నం ఊపిర్లతోనే కదా నేర్చుకుంది. అడ్డచుట్ట కాల్చేవాళ్ల ఊపిరి దానికి ఒక్కటి కూడా చూపించలేదు," అంది ఊర్మిళ భుజంగరావుతో.

ఆయనకు కోపం వచ్చింది. వచ్చినా కాదనలేదు, చుట్టలు తెప్పించాడు. గది నిండా పొగ పెట్టారు. ఆ పొగను రోగి ఊపిరితో కలిపి పొర మీదికి వదిలారు. పొర చక్కగా ముడుచుకుంది. ఎండుచేపల వాసన కలిపి వదిలారు, ఉప్పుగాలి కలిపి వదిలారు. ప్రతిసారీ ముడుచుకుంది.

"చూశావా?" అన్నాడు ఆయన దగ్గుతూ. "పొర తప్పు లేదమ్మా. మీవాళ్లకు దేవుడు మంచి ఒళ్లు ఇచ్చాడనుకో. నెలాఖరుకి నివేదిక పంపాలి. తీరంలో జబ్బు లేదని రాస్తాను, బండి అవసరమున్న మరో చోటికి వెళ్తుంది. అందులో అన్యాయం ఏముంది?"

"ఉంది సార్."

"ఏమిటది?"

ఏమిటో తెలిస్తే చెప్పేదే. ఆ నెలంతా ఊర్మిళకు కాలు నిలవలేదు. ల్యాబ్‌లో ఉంటే మొగపేట గుర్తొచ్చేది, మొగపేట వెళ్తే ల్యాబ్ గుర్తొచ్చేది. శ్రీకాకుళం బస్సులో కిటికీ పక్క సీటు ఆమెకు రాసిచ్చినట్టయింది. గోళ్లు కొరికి కొరికి వేళ్లు పుళ్లు చేసుకుంది. వెళ్లినప్పుడల్లా కారమ్మను నోరు తెరవమనేది. పుండు పెరిగేది. కారమ్మ ఇంకాస్త గట్టిగా జోకులేసేది. "రోజూ నా నోట్లో సూస్తన్నావు, సొరసేపని మింగీసినాననా?" అని నవ్వేది. నవ్వి, బుగ్గ పట్టుకునేది.

*

ఆ రోజు గంగమ్మ తల్లికి ముర్రాటలు, అంటే పసుపునీళ్ల కుండలు పొయ్యాలి. ఊర్మిళ పొద్దున్నే బస్సు దిగి వచ్చేసరికి కారమ్మ పెరట్లో కూర్చుని ఉంది. చెంబులో ఉప్పు, పసుపు కలిపిన నీళ్లు పోసుకుని పుక్కిలిస్తోంది. ఒకసారి కాదు, చెంబు ఖాళీ అయ్యేదాకా. పుండు మీద ఉప్పు తగిలి కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. అయినా మానలేదు. తర్వాత ఇంత వాము, ఓ కర్పూరం పలుకు నోట్లో వేసుకుని నమిలింది.

"ఏటే ఇది?" అంది ఊర్మిళ.

"సుట్టకంపు నోరేసుకుని అమ్మోరి ముందుకి ఎలగ ఎల్తామే? మొకం మీద ఊపిరి తగల్దేటి తల్లికి?"

ఊర్మిళ చిన్నప్పుడు చూసిందే, మరిచిపోయిందే. హాస్టళ్లలో, ల్యాబ్‌లలో ఇవన్నీ ఎక్కడ గుర్తుంటాయి? నవ్వుతూ వంటింట్లోకి వెళ్లి మంచినీళ్లు ముంచుకుంది. గూట్లో బెల్లం కుండ ఉంది. దాని చుట్టూ పసుపుతో గీత గీసి ఉంది. గోడ వెంట చీమలబారు వచ్చి, గీత దాకా వచ్చి, అక్కడ ఆగి, అటు ఇటు వెతుక్కుని, తిరిగిపోతోంది.

ఊర్మిళ చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది.

"పెద్దమ్మా," అని పెరట్లోకి కేకేసింది. "నాను పెట్టి తెచ్చిన రోజున కూడా ఇలగే నోరు కడిగినావా?"

"కడగనా మరి? నువ్వే కదే దానికి బొట్టు పెట్టినావు? దండేసినావు, కొబ్బరికాయ కొట్టినావు. మనిసి లోపలున్నది సూసీ తల్లి అంటే అమ్మోరు కాదేటి? నానే కాదు, ఊరంతా కడిగినాం."

ఊర్మిళ గడప మీద కూలబడింది. ముందు నవ్వొచ్చింది. ఆంధ్రదేశంలో ఏ ఇల్లాలిని నిద్రలేపి అడిగినా చెబుతుంది, చీమలు రాకుండా ఏం చల్లాలని. చీమ ముక్కును పెట్టెలో పెట్టి, చదువుకున్నవాళ్లంతా దాని చుట్టూ చేరి, వేలమంది చేత ఊదించారు గానీ ఈ మాట ఒక్కరికీ తోచలేదు. పసుపు, కర్పూరం, వాము. పాపం పొరకు మొదటి మనిషితోనే తల దిమ్మెక్కిపోయి ఉంటుంది. ఇక రోజంతా ఎవరు ఊదితే ఏం?

తర్వాత ఏడుపొచ్చింది. పెట్టెకు బొట్టు పెట్టింది తన చెయ్యే.

*

భుజంగరావుకు ఆమె మాటలతో చెప్పలేదు. ఆయన ఎదురుగానే పసుపు ఉప్పునీళ్లు పుక్కిలించింది, వాము కర్పూరం నమిలింది. కొత్త పొర మీదికి ఒక్కసారి ఊదింది. వెంటనే ఆసుపత్రి నుంచి తెచ్చి దాచిన రోగి ఊపిరిని సంచిలోంచి వదిలింది. ఇంకో పొర అయితే ఆ ఊపిరికి గిలగిల్లాడిపోయేది. ఇది కదల్లేదు. ఇంకో సంచి, ఇంకో సంచి. చచ్చిన చేపలా పడుంది.

భుజంగరావు అద్దానికి మొహం ఆనించి చూశాడు.

"మా పంచదార డబ్బా చుట్టూ మా ఆవిడ పసుపే చల్లుతుంది," అన్నాడు. "రోజూ చూస్తాను. కాఫీలో పంచదార వేసుకునేటప్పుడు చెయ్యి పసుపవుతోందని విసుక్కుంటాను కూడా."

"నివేదిక?"

"పంపేశాను. నిన్ననే." ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "వెనక్కి తెమ్మంటే నవ్వుతారమ్మా. పసుపుకి పడిపోయిన యంత్రమని నా పేరు చెప్పుకుని నవ్వుతారు."

"నవ్వనీండి సార్. నవ్వితే చస్తామా?"

ఆయన నొచ్చుకున్నాడు. అయినా కాసేపటికి తల ఊపాడు. "ఊరికే ఊహ చెబితే వినరు. మీ ఊళ్లో మళ్లీ పరీక్ష చేసి చూపించు. ఒక్క పొర ముడుచుకున్నా చాలు, నేనే వెళ్లి నా నోటితో చెప్పి నివేదిక వెనక్కి తెస్తాను."

*

ఊర్మిళ వద్దంటున్నా పెట్టెకు మళ్లీ బొట్టు పెట్టి దండ వేశారు గానీ, మళ్లీ ఊదడానికి మాత్రం మొగపేటలో ఒక్కరూ ఒప్పుకోలేదు.

ఒడ్డున, ఊరంతా కలిసి తాళ్లతో లాగే పెద్దవల బాగుచేసుకుంటూ కూర్చున్నారు అందరూ. ఊర్మిళ చెప్పిందంతా విన్నారు. "పాసినోటితో, సుట్టకంపుతో అమ్మోరి మొకం మీద ఊదమంతావా?" అంది ముసలి సోమాలు. గంగమ్మకు ముర్రాటలు ఎత్తే మనిషి ఆవిడే. "పట్నంలో సదివి ఇదేనేటే నేర్సుకున్నావు?"

"అది అమ్మోరు కాదు సోమాలప్పా. యంత్రం."

"యంత్రానికి బొట్టెందుకు పెట్టినావు మరి?"

అందరూ నవ్వారు. ఊర్మిళకు మొహం మాడింది. కానీ అమ్మోరు ఒక్కటే కాదు సంగతి. వల సూది పక్కన పెట్టి రాజులమ్మ అనే నడివయసావిడ అసలు మాట బయటపెట్టింది.

"ముందుపాలి ఎవులికీ నేదన్నాది, బాగున్నాది. ఇపుడు నాకు ముడుసుకుంటే? అందరూ సూస్తారు. జబ్బుమనిసి గంపలో సేప ఎవులు కొంతారు? నా కూతురికి సమ్మందం వొస్తాదా? సావనైనా సస్తాను గానీ ఊదను."

ఎవరూ నవ్వలేదు. ఆ మాట ఒక్కతెది కాదని అందరి మొహాల్లోనూ ఉంది. పొర తప్పు చెప్పిందని వాళ్లలో చాలామందికి అనుమానం ఉండే ఉంటుంది. తప్పు చెప్పింది కాబట్టే దాన్ని పట్టుకుని వేలాడుతున్నారు. ఊర్మిళ సముద్రం వైపు నాలుగడుగులు వేసి, మళ్లీ వెనక్కి వచ్చి, మళ్లీ వెళ్లింది.

"ఓలే గుంటా, ఆ తిరుగుడు మానీ. కళ్లు తిరుగుతున్నాయి," అంది కారమ్మ. అంతవరకూ ఆవిడ నోరు విప్పలేదు. ఇప్పుడు లేచి ఊర్మిళ దగ్గరకు వచ్చి, ఒక్కదానికే వినపడేలా, "నాకు తెల్సునే," అంది.

"ఏటి?"

"ఉన్నాదని. మీ యమ్మకి ఒచ్చిందే నాకూ ఒచ్చినాదని. పెట్టి నేదంటే బాగున్నాదనిపించినాది. కొన్నాల్లు నేదనుకుని బతుకుదామనిపించినాది." ఊర్మిళ చెయ్యి పట్టుకుని నొక్కి వదిలేసి, గొంతు పెంచింది. "ఒసే రాజులమ్మా! పెద్దవలకి వాటాలెలగ పంచుతారు?"

"ఎలగేటి? తాడు ముట్టుకున్న సెయ్యికల్లా వాటా."

"లాగనేకపోతే? ముసిలిదో, జొరంమనిసో వొచ్చి తాడుమీద సెయ్యేసి నిలబడితే?"

"అయినా వాటాయే. పడవలు పుట్టినకాణ్ణుంచీ అంతే కదా."

"మరింకేటి ఏడుపు? అందరం ఊదుదాం. ఊదడమంటే తాడు ముట్టుకున్నట్టే. ఎవులికి ముడుసుకుంటే దాని గంపలో సేప నా గంపలోకి, నీ గంపలోకి ఎల్లిపోతాది. ఎవులి సేపో కొన్నోడికేటి తెల్సు? దాని వాటా దానికి ఇచ్చీయాల. ఆసుపత్రికి వంతుకి ఒకలు తోడెల్లాల. కూతురి సమ్మందం సెడగొట్టినోడుంటే నా కాడికి అంపండి, నాను మాటాడతాను."

కారమ్మ మాట్లాడుతుందంటే ఆ మనిషి గతేమిటో అందరికీ తెలుసు. రాజులమ్మ ఏడుస్తూనే నవ్వింది.

"అమ్మోరి సంగతో?" అంది సోమాలు, పట్టు వదలకుండా.

కారమ్మ పెట్టె ముందుకు వెళ్లింది. దండ తెంపి అవతల పారేసింది. చెంగు ఉమ్ముతో తడిపి, మూత మీది కుంకుమబొట్టును గట్టిగా రుద్ది తుడిచేసింది. ఆడవాళ్లు గుండెల మీద చేతులేసుకున్నారు.

"ఇపుడిది అమ్మోరు కాదు. కుక్క. వాసన సూసీ కుక్క. కుక్క కాడికి మొకం కడుక్కుని ఎల్తామేటే ఎవులమైనా?"

సోమాలు బోసినోటితో పకపకా నవ్వింది. ఆవిడ నవ్వాక ఇంకెవరికి అడ్డు?

మర్నాడు తెల్లవారగానే పాచిమొహాలతో వచ్చారు. చుట్ట వాసనకు ఊర్మిళ కళ్లు మండాయి. అందరికంటే ముందు కారమ్మ ఊదింది. పొర అంచుల నుంచి మెల్లగా లేచి, మడతలు పడి, ముద్దయిపోయింది. దానికోసమే ఊర్మిళ అన్నాళ్లు బస్సుల్లో తిరిగింది, గోళ్లు తినేసింది. అది ముడుచుకుంటే చాలని మొక్కుకుంది. ముడుచుకున్నాక మాత్రం చూడలేకపోయింది.

"మరో పొర పెట్టు," అంది కారమ్మ. "ఎనకమాల అందరూ నిలబడున్నారు."

ఊర్మిళ పొరలు మారుస్తూ పోయింది. రాజులమ్మకు ముడుచుకోలేదు. సోమాలుకు ముడుచుకుంది. నిరుడు పెళ్లయిన ఓ పిల్లకు ముడుచుకుంది. సాయంత్రానికి తెచ్చిన పొరలు చాల్లేదు. ఊళ్లో ఎవరూ ఎవరి పేరూ పైకి అనలేదు. మర్నాడు పైఊళ్లకు వెళ్లిన గంపలు మాత్రం ఎప్పటికంటే బరువుగా ఉన్నాయి.

*

భుజంగరావు మాట మీద నిలబడ్డాడు. అధికారుల ముందు నిలబడి పసుపు కథంతా చెప్పాడు. వాళ్లు నవ్వారు. ఆయనా వాళ్లతోపాటు నవ్వి, నివేదిక వెనక్కి తెచ్చుకున్నాడు. ఆ తర్వాత బండి తీరానికే వచ్చింది. సోమాలు పుండు చిన్నదే. గోరంత కోసి పంపేశారు. నిరుడు పెళ్లయిన పిల్ల సంగతీ అంతే.

కారమ్మది అంతటితో పోలేదు. మొదటిసారి ఊదిననాడే పొర నిజం చెప్పి ఉంటే ఆవిడకీ గోరంతే కోసేవారట. కత్తి పట్టిన డాక్టరు ఆ మాట మామూలుగానే చెప్పాడు, ఊర్మిళ ఎవరో తెలియక. ఇప్పుడు అంగిలి మొత్తం తీసేయాల్సి వచ్చింది. ప్రాణం దక్కింది. మాట పోయింది. నోరు తెరిస్తే గాలంతా ముక్కులోంచి పోతుంది. ఒక్క అక్షరం పోల్చుకోవడం కూడా కష్టం. రేడియోని తిట్టిన మనిషి ఇప్పుడు మంచినీళ్లడగాలంటే చెయ్యి చూపిస్తుంది. ఇంటికి తెచ్చిన రోజున ఊర్మిళ ఆవిడ కాళ్ల దగ్గర కూర్చుని ఏడ్చింది. "నా వల్లే," అంది. కారమ్మ నెత్తి మీద ఓ మొట్టికాయ వేసింది. తిట్టడానికి వేరే దారి లేదు మరి.

పెట్టెలు ఇప్పుడు గంపల్లో తిరుగుతున్నాయి. మొగపేట ఆడవాళ్లు బేరానికి వెళ్లే ప్రతి ఊరికీ చేపలతోపాటు ఒకటి తీసుకెళ్తారు. అలా ఇసకలపేట వెళ్లిన రోజున ఊర్మిళ, కారమ్మ కూడా వెంట వెళ్లారు. వెళ్లేసరికి చూస్తే ఏముంది! ముందు రోజు ఒక గంపతో దింపిన పెట్టెకు అప్పుడే బొట్టు పెట్టారు, దండ వేశారు, ఎదురుగా అగరొత్తులు. వరసలో నిలబడ్డ ప్రతి ఆడదాని పెదాలూ పసుపుపచ్చగా ఉన్నాయి. గాలి నిండా కర్పూరం వాసన.

ఊర్మిళ మొదలుపెట్టింది. చీమలన్నది, కణాలన్నది, పసుపన్నది. ఎవరూ కదల్లేదు. నోరు కడుక్కోకుండా ఊదమన్నందుకు ఒకావిడ చెవులు మూసుకుంది. ఊర్మిళ గొంతు పెంచింది, బతిమాలింది, కోప్పడింది. ఎండ ఎక్కుతోంది.

కారమ్మ లేచింది. పెట్టె దగ్గరకు వెళ్లి దండ తీసేసింది. చెంగుతో బొట్టు తుడిచేసింది. జనం గొల్లుమన్నారు. వాళ్ల వైపు తిరిగి ఏదో చెప్పబోయింది. మాట రాలేదు, గాలి వచ్చింది. మళ్లీ ప్రయత్నించింది. ముందు వరసలో ఒక చిన్నపిల్ల భయపడి తల్లి వెనక్కి నక్కింది. కారమ్మ ఊర్మిళ వైపు చూసింది. ఊర్మిళకు ఆ చూపు భరించడం కష్టమయింది. తను చెబుతానని ముందుకు వచ్చింది గానీ కారమ్మ చెయ్యడ్డం పెట్టింది.

చీర కుచ్చిళ్లు ఎగ్గట్టుకుని, పెట్టె పక్కన ఇసకలో రెండు చేతులూ మోపి వంగి, మెడ ముందుకు చాచింది. పెట్టెను వాసన చూసినట్టు చూసి, తలెత్తి మొరిగింది. భౌ అనబోతే, అంగిలి లేని నోట్లోంచి "మ్హౌ" అని వచ్చింది.

కారమ్మ మళ్లీ మొరిగింది, ఈసారి ఇంకా గట్టిగా.

"ఓలమ్మా, ఈ కుక్కకేటే, పడిశం పట్టినట్టున్నాది!" అంది చెవులు మూసుకున్న ఆవిడ.

ముందు నవ్వింది కారమ్మే. ఇసకలో కూలబడి, పొట్ట పట్టుకుని, ముక్కులోంచి వింత చప్పుడు చేస్తూ నవ్వింది. తర్వాత అందరూ నవ్వారు. తల్లి వెనక నక్కిన పిల్ల కూడా బయటికి వచ్చి "మ్హౌ" అంది. ఊర్మిళ సముద్రం వైపు తిరిగి నిలబడింది. నవ్వుతోందో ఏడుస్తోందో తనకే తెలియలేదు, రెండూ ఒకేసారి వస్తున్నాయి.

మర్నాడు పొద్దు పొడిచేసరికి ఇసకలపేట ఆడవాళ్లు పెట్టె ముందుకు వచ్చారు, చింపిరి జుట్లతో, పాచిమొహాలతో. కారమ్మ ఒక్కొక్కరినీ దగ్గరకు లాగి, నోటికి ముక్కు ఆనించి వాసన చూసి, పసుపు లేదని తేల్చుకుని వరసలో నిలబెడుతోంది.